ఓహాయో నది ఒడ్డున చిన్న బళ్ళ బాస్కెట్‌బాల్

చీరాల చుట్టుపక్కల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్ళకు పైగా వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి విరమించిన నన్ను, అమెరికాలో ఏం చూడాలని ఉంది మామయ్యగారూ అని అల్లుడు అడిగినప్పుడు నయాగరా పేరు నా నోటికి రాలేదు. అమ్మాయి వాళ్ళు ఉండేది ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్‌లో. కమిన్స్ ఇంజన్ల కంపెనీ పుణ్యమా అని ఆ చిన్న ఊళ్ళో కూడా కూరగాయల కొట్టు దగ్గర తెలుగు మాట వినబడుతుంది. ఆ రాష్ట్రంలో బడిపిల్లల బాస్కెట్‌బాల్‌కు ఉన్న పిచ్చి గురించి ఉద్యోగంలో ఉన్న రోజుల నుంచీ వింటూనే ఉన్నాను. అందుకని పెద్ద నగరాల పెద్ద జట్లు కాకుండా, ఊరికి రెండు మూడు వందల మంది పిల్లలుండే బళ్ళు ఎలా ఆడతాయో చూడాలని ఉందని చెప్పాను. అతను రెండు రోజులు సెలవు పెట్టాడు. తిరిగి చీరాల చేరి పది రోజులైంది. జ్ఞాపకం చెదరకముందే రాసిపెడుతున్నాను.

ముందుగా అక్కడి పద్ధతి చెప్పాలి. ఇరుగుపొరుగున ఉన్న ఆరేడు హైస్కూళ్ళు ఒప్పందం చేసుకుని, ఏటా ప్రతి ఆటలోనూ ఒకదానితో ఒకటి తప్పనిసరిగా తలపడతాయి. ఆ కూటమిని కాన్ఫరెన్స్ అంటారు. రాష్ట్ర టోర్నమెంటుతో దీనికి సంబంధం లేదు. అది సీజన్ చివర వేరుగా జరుగుతుంది. మేము చూడబోయినది రాష్ట్రపు ఆగ్నేయ మూలలో ఉన్న ఓహాయో రివర్ వ్యాలీ కాన్ఫరెన్స్. హానోవర్‌లోని సౌత్‌వెస్టర్న్, మాడిసన్‌లోని షా మెమోరియల్ అనే కాథలిక్ బడి, స్విట్జర్లాండ్ కౌంటీ, రైజింగ్ సన్, సౌత్ రిప్లీ, జాక్-సెన్-డెల్ అందులోవే. అన్నీ చిన్నవే. అమెరికన్ ఫుట్‌బాల్‌కు పదకొండు మందీ, వాళ్ళకు దెబ్బలు తగిలితే దిగడానికి మరో ఇరవై మందీ కావాలి కాబట్టి కొన్ని చిన్న బళ్ళకు ఆ జట్టే ఉండదు. బాస్కెట్‌బాల్‌కు ఐదుగురు చాలు. ఆ ఆట పల్లెటూళ్ళలో అంతగా వేళ్ళూనడానికి ఈ లెక్కే సగం కారణమని నా అభిప్రాయం.

జనవరి 23, గురువారం: హానోవర్

మొదటి రోజే దారి తప్పాము, తప్పు పూర్తిగా నాది. ఫోనులో సౌత్‌వెస్టర్న్ హైస్కూల్ అని కొట్టి, మొదట వచ్చిన పేరును నొక్కి, అల్లుడి చేతికిచ్చాను. మంచు పేరుకున్న మొక్కజొన్న చేల మధ్య కొంతదూరం వెళ్ళాక, నది దక్షిణాన ఉండగా మనం ఉత్తరానికి ఎందుకు వెళ్తున్నామని అతనికి అనుమానం వచ్చింది. సౌత్‌వెస్టర్న్ పేరుతో రెండు హైస్కూళ్ళున్నాయి. ఒకటి షెల్బీ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) నైరుతి మూల, రెండోది జెఫర్సన్ కౌంటీకి నైరుతి మూల. నేను నొక్కింది షెల్బీది. దారి పక్కన పెట్రోలు బంకులో కాఫీ తాగుతున్న ఒక పెద్దాయనను అడిగితే, ఆయన నవ్వి, ఆటకొచ్చే జట్ల బస్సులు కూడా ఒక్కోసారి ఇలా తప్పుతాయనీ, ఏడో నంబరు రాష్ట్ర రహదారి పట్టుకుంటే నార్త్ వెర్నన్ మీదుగా నేరుగా దిగిపోతామనీ చెప్పాడు. నలభై నిమిషాలు, నాలుగు డాలర్ల పెట్రోలు వృథా అయ్యాయి.

హానోవర్ చేరేసరికి అమ్మాయిల జూనియర్ జట్ల ఆట సగమైంది. అక్కడ జిమ్ అంటే మనం అనుకునే కండలు పెంచే చోటు కాదు, చెక్క నేల పరిచిన పెద్ద ఆటశాల. టికెట్ ఏడు డాలర్లు, అంటే మన లెక్కలో ఆరు వందలు. గుమ్మం దగ్గర మడత బల్ల వేసుకుని కూర్చున్న ఆవిడ డబ్బు తీసుకుని ముంజేతి మీద ముద్ర వేసి, మీరు ఏ అమ్మాయి తాలూకు అని అడిగింది. ఎవరి తాలూకూ కాదని చెప్తే నమ్మలేనట్టు చూసి, అయితే మా వైపే కూర్చోండి అంది. మాకంటూ ఒక పక్షం అలా ఏర్పడింది.

ఆట మొదలయ్యే ముందు దీపాలు తగ్గించి జాతీయగీతం పాడారు. తలమీద టోపీ ఉన్న ప్రతి రైతూ దాన్ని తీసి గుండెకు ఆనించుకున్నాడు. నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి ఎనిమిది నిమిషాలు. ఆడినవాళ్ళందరూ పిల్లలు కాబట్టి వాళ్ళ పేర్లూ స్కోర్లూ రాయను. ఒక జట్టు ముప్పైకి పైగా తేడాతో ఓడిందని మాత్రం చెప్తాను. నాలుగో క్వార్టర్ వచ్చేసరికి రెండు జట్ల కోచ్‌లూ బెంచీ మీద పిల్లలందరినీ దించారు. ఓడుతున్న జట్టులో కళ్ళజోడు పెట్టుకున్న ఒక సన్నటి అమ్మాయి, బంతి చేతికొస్తే ఏం చేయాలో తెలియక రెండుసార్లు అవతలివాళ్ళకే అందించిన పిల్ల, ఆఖరి నిమిషంలో ఒక బుట్ట వేసింది. రెండు వైపుల జనమూ లేచి చప్పట్లు కొట్టారు.

నా మనసు అక్కడే ఆగిపోయింది. మన బళ్ళ ఆటలు మండల స్థాయి, నియోజకవర్గ స్థాయి, జిల్లా స్థాయి అంటూ మెట్లుగా జరుగుతాయి. మొదటి మెట్టు మీద ఓడిన జట్టుకు ఆ ఏడాది ఆట అయిపోయినట్టే. జూన్ నుంచి తెల్లవారుజామున లేచి సాధన చేసిన పిల్లలు ఒకే ఒక్క మ్యాచ్, ముప్పావు గంట ఆడి, పులిహోర పొట్లం తిని ఇంటికి వెళ్ళిపోవడం నేను ఎన్నో ఏళ్ళు చూశాను. ఇక్కడ ముప్పై పాయింట్లతో ఓడిన పిల్లకు మళ్ళీ నాలుగు రోజుల్లో ఇంకో ఆట ఉంది. గెలిచినా ఓడినా సీజన్‌లో ఇరవైకి అటూ ఇటూ ఆటలు ఆడుతుంది. కాన్ఫరెన్స్ అనే ఏర్పాటులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది ఇదే. ట్రోఫీ ఎవరిదైనా కావచ్చు, వచ్చే వారం ఆట ఉందన్న భరోసా మాత్రం అందరిదీ.

అమ్మాయిల ఆటకు ఇంత గౌరవం మొదటినుంచీ లేదు. అబ్బాయిల రాష్ట్ర టోర్నమెంటు 1911లో మొదలైతే, అమ్మాయిలది 1976లో గాని మొదలు కాలేదు. బళ్ళలో ఆడా మగా తేడా చూపకూడదన్న సమాఖ్య చట్టం 1972లో వచ్చాకే ఆ తలుపు తెరుచుకుంది. తొలి ఏడాది వార్సా అనే ఊరి జట్టు గెలిచింది.

జనవరి 24, శుక్రవారం: మాడిసన్, వీవీ, రైజింగ్ సన్

రాత్రి బస మాడిసన్‌లో. నది గడ్డకట్టలేదు గాని ఒడ్డున నీళ్ళు పలకలుగా బిగిశాయి. అవతలి ఒడ్డు కెంటకీ రాష్ట్రం. ఉదయం ఫలహారానికి కూర్చున్న చోట గోడమీద 1950 నాటి జట్టు ఫొటో ఉంది, ఆ ఏడాది రాష్ట్ర విజేత మాడిసనే. వడ్డిస్తున్నావిడతో, రేపు మిలాన్ వెళ్తున్నామని అల్లుడు అన్నాడు. ఆవిడ గుడ్ల పళ్ళెం బల్లమీద పెట్టి, మిలాన్ ఇటలీలో ఉంది నాయనా, ఇక్కడున్నది మైలన్ అని సరిదిద్దింది. వర్సెయిల్స్ అని రాసి ఉన్న ఊరిని వర్సేల్స్ అనాలట. ఫ్రెంచివాళ్ళ రాజభవనం ఉన్న ఊరి పేరును వ్యవసాయదారులు తమ నోటికి అనువుగా మలుచుకున్నారు. బెజవాడను విజయవాడ అని రాసుకుని బెజవాడ అనే పిలుచుకునే మనకు ఇందులో వింత లేదు.

నది వెంట యాభై ఆరో నంబరు రహదారి మీద తూర్పుగా వెళ్తే వీవీ వస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ద్రాక్ష తోటలు వేసి వైన్ తీశారు, కౌంటీ పేరు అందుకే స్విట్జర్లాండ్. కౌంటీకంతటికీ ఒకే హైస్కూలు. మధ్యాహ్నం భోజనానికి ఆ ప్రాంతపు పేరుపడ్డ పంది మాంసం శాండ్‌విచ్ తెప్పించుకున్నాను. నడుము మాంసాన్ని సుత్తితో కొట్టి పలచగా చేసి, రొట్టెపొడి అద్ది నూనెలో వేయిస్తారు. అది అరిసెంత బన్నుకు అటూ ఇటూ జానెడు చొప్పున బయటికి వేలాడుతూ వచ్చింది. ముందు అంచులు తుంచుకుని తిని, ఆ తరువాతే బన్ను పట్టుకోవాలని పక్క బల్ల ఆయన చూపించాడు. రుచికి మన బజ్జీకి దూరపు చుట్టమే, కారం మాత్రం లేదు. పన్నెండు డాలర్లు. నా భాగంలో సగం కాగితంలో చుట్టించుకున్నాము. తరువాత తెచ్చిన, పాల మీగడా పంచదారా నింపి కాల్చిన ‘పై’ అనే తీపి వంటకం మాత్రం చుట్టించుకునే పని లేకుండా అయిపోయింది.

రైజింగ్ సన్‌లో ఎక్కువసేపు ఆగలేదు. ఊరు చిన్నది, చలి పెద్దది.

సాయంత్రం అరోరా మీదుగా యాభయ్యో నంబరు రహదారి పట్టుకుని రిప్లీ కౌంటీ చేరి, అక్కడ అబ్బాయిల ఆటకు వెళ్ళాము. శుక్రవారం రాత్రి అబ్బాయిల ఆట అంటే ఊరు ఊరంతా ఒక చోట ఉన్నట్టే. ఆరు గంటలకు జూనియర్లు, ఏడున్నరకు పెద్ద జట్లు. గ్యాలరీలో ముసలివాళ్ళకు వాళ్ళవాళ్ళ స్థలాలున్నాయి, రాసి ఉండదు గాని అందరికీ తెలుసు. మేము తెలియక కూర్చున్న చోటు నుంచి ఎవరూ లెమ్మనలేదు; ఒక పెద్దావిడ చేతిలో మెత్త పట్టుకుని మా పక్కనే నిలబడి నవ్వుతూ ఉండిపోయింది, అంతే. రెండు నిమిషాలకు మాకే అర్థమై జరిగాము. ఆ తరువాత ఆవిడే మాకు ఆట వివరించింది. ఎవరి నాన్న ఏ ఏడాది ఆడాడో, ఎవరి పెదనాన్న అవతలి ఊరి అమ్మాయిని చేసుకుని అటు వైపు కూర్చోవడం మొదలుపెట్టాడో అన్నీ ఆవిడ నోట ఉన్నాయి.

తినుబండారాల కిటికీ దగ్గర వడ్డించేవాళ్ళు ఆటగాళ్ళ తల్లిదండ్రులే, ఆ లాభం జట్ల ఖర్చులకు పోతుంది. మొక్కజొన్న చిప్స్ పొట్లాన్ని పక్కగా చింపి, అందులోనే వేడి మాంసం, చీజు, తరిగిన ఆకులు వేసి చెంచా గుచ్చి ఇస్తారు. నడుస్తూ తినే టాకో అని దాని పేరు. ఆవు మాంసం వద్దని చెప్తే నాకు చీజు మాత్రమే పోసి, నాలుగు డాలర్లకు బదులు రెండు తీసుకున్నారు. విరామంలో ఒక అబ్బాయి టికెట్ల చుట్ట పట్టుకుని వచ్చాడు. పోగైన డబ్బులో సగం బడికి, సగం నంబరు తగిలినవారికి. ఐదు డాలర్లు పెట్టాను, నంబరు తగలలేదు. ఆట ఆఖరి అరనిమిషం దాకా తేలలేదు. అయిపోగానే రెండు జట్లూ ఎదురెదురుగా వరుస కట్టి ఒక్కొక్కరి చేతినీ తాకుతూ నడిచాయి. ఓడిన జట్టు కుర్రవాడొకడు కళ్ళు తుడుచుకుంటూనే ఆ వరుస పూర్తి చేశాడు.

జనవరి 25, శనివారం: ఆస్గుడ్, పియర్స్‌విల్, మైలన్

జాక్-సెన్-డెల్ అనే పేరు ఏ భాషదో అని మొదటి రోజు నుంచీ ఆలోచిస్తున్నాను. జాక్సన్, సెంటర్, డెలావేర్ అనే మూడు టౌన్‌షిప్‌ల (మన మండలాల్లాంటివి) బళ్ళను కలిపినప్పుడు, ఏ ఊరివారూ నొచ్చుకోకుండా మూడు పేర్ల తలలూ తుంచి అతికించారట. ఆ బడి ఆస్గుడ్‌లో ఉంది. 1959లో రాష్ట్రం బళ్ళ పునర్వ్యవస్థీకరణ చట్టం చేసింది. చిన్న బళ్ళను కలపడం ఆ తరువాతి పదేళ్ళలో ఊపందుకుంది. అంతకుముందు ప్రతి చిన్న ఊరికీ ఒక హైస్కూలు, ఒక జట్టు, దానికో రంగు ఉండేవి. 1954 రాష్ట్ర టోర్నమెంటులో 751 బళ్ళు ఆడితే, 1997 నాటికి ఆ సంఖ్య నాలుగు వందల లోపుకు దిగింది. బడి పోయిన ఊరికి జట్టు కూడా పోయింది. బడుల విలీనం మాట ఎత్తితే మన ఊళ్ళలో తల్లిదండ్రులు దూరం గురించి అడుగుతారు. ఇక్కడి ముసలివాళ్ళు జెర్సీ రంగు గురించి చెప్తారు.

ఆస్గుడ్ నుంచి మూడు వందల యాభయ్యో నంబరు దారి పట్టుకుంటే మధ్యలో పియర్స్‌విల్ తగులుతుంది. ఊరు అనడానికి కొన్ని ఇళ్ళు. కారు ఆపి దిగాము, చలికి రెండు నిమిషాల్లో మళ్ళీ ఎక్కాము. 1954లో మైలన్ బడిని రాష్ట్ర విజేతను చేసిన ఆఖరి బంతి వేసిన బాబీ ప్లంప్ పెరిగింది ఇక్కడే. ఎదురుగా వచ్చిన ట్రక్కు డ్రైవరు స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తి పలకరించాడు. ఆ వేలి పలకరింపు ఆ కౌంటీ అంతటా ఉంది. రెండో రోజుకు అల్లుడు కూడా మొదలుపెట్టాడు.

మైలన్‌లో ముందు కనిపించేది పాత నీళ్ళ ట్యాంకు. దాని మీద రాష్ట్ర ఛాంపియన్లు, 1954 అని ఇప్పటికీ ఉంది. ఆ ఏడాది ఊరి హైస్కూల్లో విద్యార్థులు 161 మంది. కోచ్ మార్విన్ వుడ్ వయసు 26 ఏళ్ళు. అప్పట్లో పెద్ద బడి, చిన్న బడి అన్న తేడా లేకుండా అందరికీ ఒకే టోర్నమెంటు. 1953లో రాష్ట్ర సెమీఫైనల్ దాకా వెళ్ళి ఓడిన ఈ జట్టు, మరుసటి ఏడాది మార్చి 20న ఇండియానాపోలిస్‌లో, తమకు పదింతలున్న మన్సీ సెంట్రల్‌తో ఫైనల్ ఆడింది. అప్పుడు బంతిని ఇన్ని క్షణాల్లో వేయాలన్న నిబంధన లేదు. నాలుగో క్వార్టర్‌లో ప్లంప్ బంతిని పట్టుకుని, వేయకుండా, అందించకుండా, 4 నిమిషాల 13 సెకన్లు అలాగే నిలబడ్డాడు. స్కోరు 30-30 ఉండగా ఆఖరి క్షణాల్లో అతను కుడివైపు కదిలి, ఆగి, ఎగిరి వేసిన బంతి బుట్టలో పడింది. 32-30. మరునాడు వెయ్యి పైచిలుకు జనాభా ఉన్న ఆ ఊరికి నలభై వేల మంది వచ్చారని చెప్తారు.

ఊళ్ళో పాత సామాన్ల దుకాణం నడిపిన ఒక మహిళ ఏళ్ళ తరబడి కూడబెట్టిన వస్తువులతో మొదలైన మ్యూజియం ఉంది. ఊలు కోట్లు, బూట్లు, చేతిరాత స్కోరు పుస్తకాలు. నేను ఆ స్కోరు పుస్తకాల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. ఫౌళ్ళను గీతలుగా గుర్తించే పద్ధతి మేము వాడినదే. అక్కడున్న పెద్దాయనను, ఇప్పుడు నాలుగు తరగతుల టోర్నమెంటు కదా, మీకు నచ్చిందా అని అడిగాను. 1997-98 సీజన్ నుంచి విద్యార్థుల సంఖ్యను బట్టి బళ్ళను నాలుగు వర్గాలుగా విడదీసి, నలుగురు విజేతలను తేలుస్తున్నారు. ఆయన తల అడ్డంగా ఊపి, నాలుగు కిరీటాలుంటే రాజెవరు అన్నాడు.

ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. 1954 తరువాత అంత చిన్న బడి మళ్ళీ ఆ కిరీటం గెలవనే లేదు. ఉదయం చూసివచ్చిన జాక్-సెన్-డెల్ 2009లో అతి చిన్న బళ్ళ వర్గంలో రాష్ట్ర విజేత అయింది; పాత పద్ధతిలో అయితే ఆ పిల్లలకు ఆ కప్పు కలలో కూడా దక్కేది కాదు. అయితే ఆ కప్పు కోసం నలభై వేల మంది రారన్నది కూడా నిజమే. ఈ సంగతి ఆయనతో అనలేదు, అతిథిగా వెళ్ళినవాడిని కదా. విరాళాల డబ్బాలో పది డాలర్లు వేసి వచ్చాము.

జనవరి 27, సోమవారం: ఇండియానాపోలిస్

ఆదివారం ఇంట్లో ఇడ్లీ, అల్లం పచ్చడితో గడిచింది. సోమవారం అల్లుడు ఆఫీసుకు వెళ్ళగా అమ్మాయి కారు తీసింది. ఆ ఫైనల్ జరిగిన ఆటశాల బట్లర్ విశ్వవిద్యాలయంలో ఉంది. 1928లో తెరిచిన ఇటుక కట్టడం. అప్పట్లో పదిహేను వేల మంది పట్టేవారు, ఇప్పుడు తొమ్మిది వేల చిల్లర. టోనీ హింకిల్ అనే కోచ్ పేరును దానికి 1966లో పెట్టారు. పైన ఎత్తైన కిటికీల నుంచి ఎండ నేరుగా చెక్క నేల మీద పడుతోంది. నేను పనిచేసిన ఏ బడిలోనూ పైకప్పు కింద బాస్కెట్‌బాల్ కోర్టు లేదు. ఒక కోర్టులో సిమెంటు పగుళ్ళలోంచి గరిక మొలిచేది, ఆట ముందు రోజు పిల్లలూ నేనూ కలిసి పీకేవాళ్ళం.

మైలన్ కథ చెప్పేవాళ్ళు చాలామంది దాటవేసే భాగం కూడా ఇక్కడే ఉంది. ఆ 1954 టోర్నమెంటులో, ఫైనల్‌కు వారం ముందు, మైలన్ ఇదే కోర్టులో 65-52తో ఓడించిన జట్టు క్రిస్పస్ ఆటక్స్. నల్లజాతి పిల్లల కోసం విడిగా 1927లో తెరిచిన బడి అది. 1942 దాకా దాన్ని రాష్ట్ర క్రీడా సంఘంలోకే రానివ్వలేదు, కాథలిక్ బళ్ళనూ అంతే. సొంత ఆటశాల సరిపోక ఆటలన్నీ పరాయి చోట్లే ఆడేవారు. నగరంలో ఉన్నా, కాన్ఫరెన్స్‌లో చోటు దొరకని ఆ జట్టు ఆట కోసం చిన్న చిన్న ఊళ్ళకు బస్సులో తిరిగింది. ఆనాడు ఓడిన జట్టులో రెండో ఏడాది విద్యార్థి, తరువాత వృత్తి బాస్కెట్‌బాల్‌లో మేటి ఆటగాడైన ఆస్కార్ రాబర్ట్‌సన్ ఉన్నాడు. మరుసటి ఏడాది, 1955లో, 97-74తో గ్యారీ రూజ్‌వెల్ట్ అనే బడి జట్టును ఓడించి రాష్ట్ర కప్పు గెలిచారు. 1956లో ఒక్క ఆటా ఓడకుండా మళ్ళీ గెలిచారు. 1954లో మైలన్ పిల్లలను నగరం నడిబొడ్డున స్మారక స్తంభం చుట్టూ ఊరేగించారు. 1955లో ఆటక్స్ పిల్లలను స్తంభం చుట్టూ ఒక్కసారి తిప్పి, నల్లవారి పేటలోని పార్కుకు పంపేశారు. సొంత నగరానికి మొట్టమొదటి కప్పు తెచ్చిన పిల్లలు వాళ్ళు. అమ్మాయి ఇది విని, నాన్నా, మరి ఆ నీళ్ళ ట్యాంకు మీద రాసినట్టు వీళ్ళ పేరు ఎక్కడ రాశారు అని అడిగింది. ఆటక్స్ బడిలోనే ఇప్పుడు మ్యూజియం ఉందని చెప్పాను. అక్కడికి వెళ్ళే సమయం మాకు మిగల్లేదు, మనవరాలిని బడి నుంచి మూడింటికి తీసుకురావాలి.

బయటికి వస్తుంటే గ్యాలరీ మెట్లు ఊడుస్తున్న ఒకాయన కనిపించాడు. ఆ బంతి వేసింది ఎక్కడినుంచి అని అడిగాను. ఏ బంతి, ఎవరు వేసింది అని ఆయన అడగలేదు. చీపురు కర్ర ఎత్తి, దూరంగా ఉన్న బుట్టకు కుడివైపు చూపించి, మళ్ళీ ఊడ్చుకోసాగాడు.